మీ మరిది వేలిముద్ర

జంషెడ్‌పూర్, కాసిడీహ్

పూజ్యురాలైన అప్పకు నీ చెల్లెలు సుభద్ర కాళ్ళకు మొక్కి రాస్తున్న సంగతులు. నువ్వూ బావగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావగారి మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? ఈ చలికి మరీ బాధపెడుతుందేమో, ఆముదం కాచి రాయి.

ఇక్కడ మేము క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు అప్పా. ఇన్నాళ్ళూ కార్డుల మీద ఆ ఒక్క మాటే రాశాను. కార్డు ముక్కని పోస్ట్‌మాన్ దగ్గర్నుంచి ఎదురింటివాళ్ళ దాకా అందరూ చదువుతారు కదా. ఇవాళ కవరు తెప్పించి రాస్తున్నానంటే, ఇది నీ ఒక్కదానికైనా చెప్పుకోకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

మీ మరిదికి పక్షవాతం వచ్చింది. దసరా వెళ్ళిన తరవాత ఒక పొద్దున డ్యూటీకి బయల్దేరి, సైకిలు తాళం తీయబోతూ అలాగే పక్కకి ఒరిగిపోయారు. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పోయింది. మనిషిని గుర్తుపడతారు, చెప్పింది తెలుస్తుంది, నోరు మాత్రం రాదు. అన్నం మింగలేరు, గంజి పోస్తున్నాను. తలలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చనీ, కలకత్తా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి తీయించాలనీ, ఆలస్యమైతే చెయ్యి రాకపోవడం అటుంచి మనిషి దక్కడమే కష్టమనీ డాక్టరుగారు చెప్పారు.

డబ్బు లేక ఆగలేదు అప్పా. ఉంది. బ్యాంకులో ఉంది. ఆయన ఒక్కరి పేరు మీద ఉంది.

ఖాతా తెరిచిన రోజున గుమస్తా అడిగాడట, భార్య పేరు కూడా కలపమంటారా, అప్పుడు ఇద్దరిలో ఎవరొచ్చినా తీసుకోవచ్చు అని. ఈయన వద్దన్నారట. ఇంటికొచ్చి నాకు గొప్పగా చెప్పారు: "నానుండగా నీకెందుకే ఆ లైను? ఆల్లందరి మద్దినా తోసుకుంటా నిలబడతావేటి?" ప్రేమతోనే అన్నారు. నేనూ మురిసిపోయాను.

ఇప్పుడు నేనే ఆ లైన్లో నిలబడ్డాను. కౌంటర్లో ఉండే దాస్ బాబు చెడ్డవాడు కాదు, కానీ ఏది అడిగినా రూలు ఒప్పుకోదంటాడు. నేను తీసుకోవచ్చా? కుదరదు, ఖాతా మీది కాదు. మా అబ్బాయి? వాడిదీ కాదు. కంట్రాక్టరు ఇచ్చిన చెక్కుందండీ, అదైనా మార్చి ఇస్తారా? దాని మూల మీద రెండు గీతలున్నాయి చూడండి, ఇది చేతికివ్వకూడదు, ఆయన ఖాతాలోకే వెళ్ళాలి. వెళ్తే? వెళ్ళాక తీయడానికి మళ్ళీ ఆయన సంతకమే కావాలి. నా పక్కన తెల్లచీర కట్టుకున్న ఒకావిడ, కోర్టు కాగితం తెమ్మన్నారని ఏడుస్తోంది. ఆవిడని చూసి మెళ్ళో పుస్తెలు పట్టుకున్నాను. దాస్ బాబు అది గమనించాడేమో, మెల్లగా అన్నాడు: "మాజీ, ఆయన ఉన్నప్పుడు ఒక రూలు, లేకపోతే ఇంకో రూలు. ఉండగానే పని చూసుకోండి."

తరవాత ఖాతా వెతకడానికి "పతి కా నామ్?" అని అడిగాడు.

నీకు తెలుసు కదా. పెళ్ళినాడు గడప దగ్గర అడిగితే కూడా నేను చెప్పలేదు. మొగుడి పేరు నోటితో అంటే ఆయుష్షు తరుగుతుందని అమ్మ మనిద్దరికీ నేర్పింది. మనిషి మంచాన పడి ఉంటే ఇప్పుడెలా అంటాను? తల వంచుకుని నిలబడ్డాను. వెనక నుంచి ఎవడో "మాతాజీ, ఇంటికెళ్ళి గుర్తు చేసుకుని రేపు రండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కాగితం ముక్క అడిగి, దాని మీద ఆయన పేరు రాసి ఇచ్చాను. అలవాటు కొద్దీ తెలుగులో రాశాను.

"అరే, యే తో జలేబీ హై!" అని దాస్ బాబూ నవ్వాడు. నవ్వుతూనే ఆయన సంతకం కార్డు తీసి పక్కన పెట్టి చూశాడు. నవ్వు ఆగిపోయింది. రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

ఉండవా మరి! ఆ సంతకం నేర్పింది నేనే. మొదట్లో కంట్రాక్టరు జీతాల కిటికీ దగ్గర రెండు లైన్లుండేవి, సంతకం చేసేవాళ్ళది ఒకటి, వేలిముద్ర వేసేవాళ్ళది ఒకటి. ముద్ర వేసినవాళ్ళు బొటనవేలికంటిన సిరా ఆ కిటికీ పక్క గోడకి తుడుచుకుని పోయేవారు. ఆ గోడంతా నల్లగా వేళ్ళ మరకలు. ఒక జీతాల రోజు మీ మరిది ఇంటికొచ్చి, "ఆ గోడ ఇంక ముట్టను. నా పేరు నాకు నేర్పే" అన్నారు. నోటితో అనకూడని పేరుని బొగ్గుతో గచ్చు మీద రాసి చూపించాను. నా అక్షరాల మీదే చెయ్యి తిప్పి తిప్పి నేర్చుకున్నారు. ఆ తరవాత ఊరికొచ్చినప్పుడల్లా తమ్ముళ్ళని "ఏలిముద్రగాళ్ళు" అని ఏడిపించేవారు, నీకు గుర్తుండే ఉంటుంది.

దాస్ బాబు ఆ కాగితం ముక్క చింపేసి నా వంక చూశాడు. "మాజీ, ఇది నేను చూడలేదనుకుంటాను. ఇంకెప్పుడూ రాయకండి. ఈ సంతకంతో మీరు కాగితం తెస్తే నేను పోలీసుకి చెప్పాల్సి వస్తుంది." అప్పుడు రూలు చెప్పాడు. చెయ్యి పడిపోయినవాళ్ళ దగ్గరికి బ్యాంకు ఆఫీసరు ఇంటికి వస్తాడట. డాక్టరు చీటీ ఉండాలి, బ్యాంకుకి తెలిసినవాళ్ళు సాక్షి ఉండాలి. ఎడమ బొటనవేలి ముద్ర వేయాలి. ఎవరూ చెయ్యి పట్టుకుని వేయించకూడదు, ఖాతాదారు తన ఇష్టంతో వేయాలి. తరవాత కలకత్తా ఆసుపత్రి పేరనే డ్రాఫ్టు ఇస్తారట, రైల్లో డబ్బు పట్టుకెళ్ళే భయం ఉండదట.

మా రాజుకి ఈ సంగతి చెప్తే నా మీద మండిపడ్డాడు. వాడు గమ్హరియా ఫ్యాక్టరీలో చేరాక కోపమొస్తే హిందీయే. "ముహ్ సే నామ్ బోల్ దేతీ తో క్యా హోతా, మా? నోటితో పేరు సెప్పీస్తే ఏటైపోద్ది? నువ్వే సంతకం పెట్టేసి ఉంటే ఈ పాటికి కలకత్తాలో ఉందుం. ఇప్పుడు ఆడు కనిపెట్టీసినాడు!"

"తప్పురా, అలా అనకు" అన్నాను. కానీ అప్పా, నీ దగ్గర దాపరికం ఎందుకు? దేవుడి ముందు కూర్చుని నేనూ ఆ మాట అనుకున్నాను. చెయ్యి దాకా వచ్చింది. అప్పన్న స్వామి చూస్తున్నాడని ఆగాను.

ఆఫీసరుగారు వచ్చారు. సాక్షిగా పక్కింటి కామేశ్వరరావు గారు వచ్చారు, ఆయనదీ మనవైపే, ఖాతా అదే బ్యాంకులో ఉంది. సిరా పెట్టె మంచం మీద తెరిచేసరికి మీ మరిది దాని వంక చూశారు. చూసి ఎడమ చెయ్యి పిడికిలి బిగించేశారు. బొటనవేలు లోపల దాచుకున్నారు.

కామేశ్వరరావు గారు తేలిక చేద్దామని, "ఏటి బావా, కొత్త పెళ్ళికూతురికి మల్లే ఏలు దాసుకుంటన్నావ్? మందుల కోసవేనయ్యా, ఇయ్యి" అన్నారు. ఇవ్వలేదు. రాజు కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. ఇవ్వలేదు. కళ్ళు మూసుకుని తల అటు తిప్పేశారు. ఆఫీసరుగారు కాసేపు చూసి, "జబర్దస్తీ నహీ హో సక్తా, బెహన్‌జీ. ఆయనకి ఇష్టం లేదు" అని సిరా పెట్టె మూత వేశారు.

ఆ మూత చప్పుడికి నాకేమైందో తెలియదు. ఆయన చెవి దగ్గర వంగి పేరు పెట్టి పిలిచాను.

పైకే పిలిచాను అప్పా. అందరూ విన్నారు. "నాకు మీరు కావాలి, సంతకం అక్కర్లేదు, చెయ్యి ఇవ్వండి" అని మళ్ళీ పిలిచాను. కామేశ్వరరావు గారు తల వంచుకున్నారు. మీ మరిది కళ్ళు తెరిచి నా వైపే చూశారు. ఇన్నేళ్ళ కాపురంలో నా నోట ఆ పేరు వినని మనిషి. అలా చూస్తూనే పిడికిలి మెల్లగా విప్పారు. ఇష్టంతో విప్పారో, ఇంక ఓపిక లేక విప్పారో నాకు తెలియడం లేదు. ఆఫీసరుగారు ఇష్టమేనా అని అడిగితే తల ఊపారు. ముద్ర పడింది.

తరవాత ఆ వేలు అలాగే గాలిలో పెట్టుకుని గోడ వైపు చూశారు. గోడకి తగలనివ్వకుండా నా పైట చెంగు అందించాను. చెంగుకే తుడుచుకున్నారు. ఆ మరక ఎంత ఉతికినా పోలేదు. నేనూ మరి ఉతకను.

డ్రాఫ్టు వచ్చింది. ఎల్లుండి బయల్దేరుతున్నాం. కానీ ఆ రోజు నుంచీ ఆయన జ్వరపడ్డారు, గంజి కూడా సరిగా తాగడం లేదు. నేను పేరు పిలవబట్టేనా? బతికించుకోవాలని నోరు తెరిచి ఆయుష్షు తగ్గించానా? డాక్టరుగారిని అడిగే మాట కాదిది. నువ్వు సింహాచలం వెళ్ళి అప్పన్న పేర దీపం పెట్టించు, దీనికేమైనా పరిహారముంటే పూజారిగారిని అడుగు, ఎవరి సంగతో చెప్పకు. రాజు స్నేహితుడు అటు వస్తున్నాడు, కొంచెం స్వామి చందనమూ, పాత ఉలవలూ అతనికిచ్చి పంపు. నీ దీవెన కావాలి అప్పా, పసుపుకుంకాలతో ఉండమని దీవించు. బావగారికి నా నమస్కారాలు, పెద్దత్తకి దణ్ణాలు, పిల్లలకి ముద్దులు. ఆయన తమ్ముళ్ళు అడిగితే ఒంట్లో కొంచెం నలతగా ఉందని మాత్రమే చెప్పు. వేలిముద్ర సంగతి వాళ్ళకి తెలిస్తే ఆయన తట్టుకోలేరు.

ఈ కాగితాలు చింపకు, దాచు. ఎవరికీ చూపించకు, బావగారికి కూడా వద్దు. కింద కొంచెం చోటు వదిలిపెట్టాను చూడు. చెయ్యి వస్తే ఆయనే నీ ఇంటికొచ్చి అక్కడ సంతకం చేస్తారు. రాకపోతే ఆ చోటు అలాగే ఉండనీ, నువ్వు కూడా అందులో ఏమీ రాయకు.

నీ చెల్లెలు
సుభద్ర