పుంటికూర ఆకు

బాలానగర్,
7 జులై 1974, ఆదివారం.

గౌరవనీయులైన పద్మావతి టీచరమ్మ గారికి,

మీ బాలవాడిలో చదివే నాలుగేళ్ల భూలక్ష్మి తండ్రి, లేత్ మిషను నడిపే ఎల్లేశం నమస్కరించి రాస్తున్నాడు. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. మీరూ మీ ఇంటివారూ బాగుండాలి. మర్యాద అయిపోయింది. ఇక కోపం రాస్తాను.

నిన్న మీరు పంపిన చీటీ చదివాను. పిల్ల పది రోజులుగా నోరు తెరవడం లేదని, చెవి మందమో బుద్ధి మందమో దవాఖానలో చూపించమని, రేపు సోమవారం కూడా పలకకపోతే ఆ చోటు వేరే పిల్లకు ఇస్తామని రాశారు. నేను బడి మొహం చూసింది రెండేళ్లే. తక్కిన చదువంతా మిర్చి బజ్జీల పొట్లాలు విప్పి చదువుకున్నది. నా బిడ్డకు ఆ గతి పట్టొద్దనే మీ దగ్గర చేర్చాను.

పొద్దున మా ఒంటి గదిలోనే పరీక్ష పెట్టాను. ఎనిమిది అగ్గిపెట్టెలు తీసుకుని రెండింట్లో జొన్నలు, రెండింట్లో చింతగింజలు, రెండింట్లో వాషర్లు, రెండింట్లో ఇసుక పోసి, ఊపి చూసి జోడీలు కలపమన్నాను. నాలుగు జోడీలూ కలిపింది. ఇసుక పెట్టెను చెవికి ఆనించి కళ్లు మూసుకుంది. లేత్ మీద పనిముట్టు మొద్దుబారితే మా మేస్త్రీ అలాగే వింటాడు. చెవి మందం కాదు.

తాంబాళంలో జొన్నలు పోసి అడుగున గుండీలు, నట్లు దాచాను. మోచేతుల దాకా ముంచి, చూడకుండానే అన్నీ తీసింది. బుద్ధి మందమూ కాదు. తర్వాత పసుపు నీళ్లలో సున్నం కలిపింది. నీళ్లు ఎర్రబడగానే గంతేసి, రెండు చేతులూ గోడకు అద్దింది. గోడ ఎవరు కడుగుతరు, మీ టీచరమ్మ వస్తదా అని మా ఇంటామె భాగ్యమ్మ పొయ్యి దగ్గర నుంచి అరిచింది. తండ్రికి లేని అకల్ తెలివి బిడ్డకు ఏడికెల్లి వస్తదని కూడా అంది. కాసేపటికి చూస్తే గోడ మీద మూడో చెయ్యి ఆమెదే.

చివరకు కళ్లకు తువ్వాలు కట్టి వాసన ఆట, మీ బాలవాడిలో ఆడించేదే. జీలకర్రకు పోపు డబ్బా ఉన్న మూలకు వేలు చూపింది. సబ్బుకు ఒళ్లు రుద్దుకుంది. పేరు మాత్రం ఒక్కటీ పలకలేదు. ఇంట్లో కూడా ఇప్పుడు తల్లి చెవిలో గుసగుస తప్ప మాట లేదు. కూరకు తెచ్చిన కట్టలోంచి ఒక ఆకు ముక్కు దగ్గర పెట్టాను. నవ్వింది. వెంటనే రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఆ ఆకు సంగతి మీకు తెలుసు. పది రోజుల కింద మీ ఆటలో పిల్ల దాన్ని పుంటికూర అంది. మీరు అందరి ముందూ గోంగూర అని దిద్దారు. మీ కోస్తాలో గోంగూర కావచ్చు, మా దగ్గర అది పుంటికూరే. మా మిషను షాపులో మేం పానా అనేదాన్ని సూపర్‌వైజరు స్పానర్ అంటాడు. బోల్టు ఎవరి భాషా అడగదు, విప్పుకుంటుంది. ఒక్క ఆకు పేరుకు నాలుగేళ్ల పిల్ల నోరు పోవాలా? ఆమె చోటు తియ్యకండి.

కోపం తగ్గని
ఎల్లేశం

తా.క.: ఉత్తరం భాగ్యమ్మకు చదివి వినిపించాను. అంతా రాసినవు గని అసలుది ఎందుకు ఇడిసిపెట్టినవని అడిగింది. రాస్తున్నాను. మీరు దిద్దలేదు. మీ ఇంట్లో అలా అంటారా, మేం గోంగూర అంటామమ్మా అన్నారంతే. పిల్ల పరుగెత్తుకొచ్చి, నాయినా, టీచరమ్మకు పుంటికూర తెల్వదు అని పకపకా నవ్వింది. నలుగురిలో ఆ మోటు మాట అంటావా అని చెంప మీద కొట్టింది నేను. ఇంకోసారి అంటే బడి బంద్ అన్నదీ నేనే. షాపులో నా మాటకు నవ్వేవాళ్లున్నారు. ఆ నవ్వు బిడ్డ దాకా రావద్దనుకున్నాను. రేపు పొద్దున నేనే తీసుకొస్తాను. తువ్వాలు నా కళ్లకు కట్టి, ఆకు నా చేతికివ్వండి. పిల్లలందరి ముందూ పుంటికూర అంటాను. నవ్వితే నవ్వనివ్వండి.