ప్రాసలో పెట్టిన పేర్లు

తమ్ముడూ, నువ్వు దొంగవి. నేను చచ్చేదాకా ఆగే ఓపిక లేక, బతికుండగానే నా కావ్యానికి కత్తెర వేశావు. చూస్తూ ఊరుకున్న బంధువులారా, మీరూ తోడుదొంగలే.

జియాంగ్లింగ్ కొలువులో పాఠాలు చెప్పి, ఆ నగరం కూలాక బందీగా మంచులో నడిచి చాంగాన్ చేరిన యిన్ షువాంగ్ అనే నేను, నలభై ఆరో ఏట, మోకాళ్లు పోయినా మతి పోకుండా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసిన వీలునామా ఇది.

ఒకటి. చేప ఊరగాయ జాడీ మా మరదలికి. "వదినా, ఈ కంపుకి వీధిలో తలెత్తుకోలేకపోతున్నాం" అంటూనే, మధ్యాహ్నం తలుపేసుకుని తినేది తనే.

రెండు. సిరా నూరే రాయి తమ్ముడు యిన్ కాయ్‌కి. ఈ ఉత్తరాదివాళ్ల గొర్రెపాల వాసనకే వాంతి చేసుకున్నవాడు, ఇప్పుడు మమ్మల్ని బందీలుగా తెచ్చిన సేనాపతి విందులో ఆ పాలే రెండో గిన్నె అడుగుతున్నాడు. అడగనీ, బతకాలిగా. నా తగువు అది కాదు.

మూడు. నా జీవితం మీద నేను రాసిన కావ్యం. దారిలో చనిపోయిన వంటావిడ చూ, పడవవాడు లూ, దాది షూ పేర్లను అందులో పాదాల చివర, ప్రాస పడేచోట పెట్టాను. రాజుల చరిత్రలో వంటమనుషులు చావరు, సేనాపతులే చస్తారు. అందుకే.

"అక్కా, మనల్ని మంచులో నడిపించింది ఆ సేనాపతేనే! ఆయన ముందే చదవాలి, ఆ మూడు పేర్లూ ఎత్తేద్దాం. నీ కథలో వాళ్లెందుకు?" అన్నావు.

వాళ్లు లేకపోతే నా కథ మొదటి మజిలీలోనే ముగిసేది, నాయనా. చేతనైతే ఎత్తేసి చూడమన్నాను. ఎత్తేశావు, ప్రాస కూలింది. నవ్వుకున్నాను. తెలివైనవాడివి, వారం తిరక్కుండా చూ స్థానంలో ప్రాసకు సరిపడే హంసను తెచ్చి కూర్చోబెట్టావు. విందులో అంతా ఆహా అన్నారట. మంచులో పడిపోయింది హంస కాదురా, తన చెప్పులు విప్పి నాకు తొడిగిన మనిషి.

నాలుగు. కాబట్టి మూలప్రతి నీ కూతురు అలియెన్‌ది. దానికి మొత్తం కంఠతా వచ్చు. నువ్వు తప్పు చదివినప్పుడల్లా తెర వెనక దగ్గేది అదే. ఆ దగ్గు నేను నేర్పిందే.

ఇక నేను కోరేవి:

హంసను వెళ్లగొట్టు.
ముగ్గురి పేర్లూ వాటి చోట పెట్టు.
అలియెన్ ఏ ఇంటి కోడలైనా ప్రతిని దానితోనే పంపు.
నా సమాధిరాయి మీద పొగడ్తలు చెక్కించకు.
సేనాపతికి కోపమొస్తే, రాసింది మా అక్క అని చెప్పు. చచ్చినదాన్ని ఏం చేస్తాడు?
ఆ విందులోనే, ఆయన ముందే, ఒక్కసారి మొత్తం చదువు.

నీటి గుర్రం సంవత్సరం, తొమ్మిదో నెల. ఏ రాజు పేరుతోనూ తేదీ వేయను.

సంతకం: యిన్ షువాంగ్
సాక్షులు: భిక్షుణి హుయీజి, పక్కింటి నేతగత్తె కోవ్ పెద్దమ్మ (వేలిముద్ర)