తమ్ముడికి ఒక శనివారం కావాలి

అక్కా, ఫోన్లో చెబితే తమ్ముడు వింటాడని ఈ కార్డు రాస్తున్నాను. మాకిద్దరికీ జ్వరం లేదు. లాక్‌డౌన్‌తో వాడి కుట్టుమిషన్ల రిపేరు కొట్టు మూసినప్పటి నుంచి, తెరుస్తారన్న ప్రతి తేదీకీ క్యాలెండర్లో సున్నా చుట్టేవాడు. విలేకరిని కదా, "పొడిగిస్తార్రా, ఆశ పెట్టుకోకు" అని ప్రతిసారీ చెప్పాను. ప్రతిసారీ నా మాటే నిజమైంది. నాలుగోసారి వాడు క్యాలెండర్ తీసేసి మంచమెక్కాడు. "స్నానం చెయ్యరా" అంటే, "ఎక్కడికెళ్లాలని, అన్నయ్యా?" అన్నాడు.

"మీరు ఏ రోజుకారోజు గడిపేస్తారు. ఆయన రాబోయే రోజును పట్టుకుని బతికే మనిషి. దాన్నే లాగేశారు" అని, వాణ్ని చూపిద్దామని పిలిచిన డాక్టరు నన్ను మందలించాడు. తప్పు నాదే.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నీ మిషను పాడైందని, శనివారం వీడియోలో చూసి ఏం చెయ్యాలో చెప్పమని వాడికి ఫోన్ చెయ్యి. పాడవకపోయినా అలాగే చెప్పు. అబద్ధమాడమని నిన్నడగడం ఇదే మొదలు. బావకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.