పది రోజులు మందు కొట్టకండి

జనవరి 19, ఆదివారం

సాఫ్ట్‌వేర్ కంపెనీలో బెంచ్ మీద మూడో వారం. ప్రాజెక్ట్ లేదు, లాగిన్ మాత్రం ఉంది. కాసేపు కూర్చుంటాను, లేస్తాను, ఫ్రిజ్ తెరుస్తాను, మూస్తాను. అమ్మ చూసి చూసి, కాళ్లకి చక్రాలు గానీ ఉన్నాయా అంది.

పొద్దున మా ట్రైనింగ్ బ్యాచ్ గ్రూపులో సిద్ధార్థ ఒక టెక్ న్యూస్ పెట్టాడు. ఎక్కడో ల్యాబ్‌లో తేనెటీగలకి పేలుడు మందుల వాసన పసిగట్టడం నేర్పారట. వాసన చూపించి చక్కెర నీళ్లు పెడతారు. నాలుగైదుసార్లకే ట్రైనింగ్ పూర్తి. మనకి మూడు నెలలు ట్రైనింగ్ ఇచ్చినా బెంచ్ మీదే ఉన్నాం అన్నాడు వాడు. వాటికి అప్రైజల్ ఎవరు చేస్తారని ఒకరు, నోటీస్ పీరియడ్ ఎంతని ఇంకొకరు. మైలవరం మామిడి తోటలకి డెప్యుటేషన్ మీద పంపాలని నేను రాశాను. అయితే వెబ్‌సైట్ పెట్టెయ్ అన్నాడు సిద్ధార్థ.

రెండు గంటల్లో పెట్టేశాను. 'తర్ఫీదు పొందిన తేనెటీగలు. పూత పిందె కట్టడానికి, ఉచితంగా మీ తోటకి.' పేరు, ఊరు, ఎకరాలు, ఫోన్ నంబర్. కింద షరతులు. ఆదివారం వాటికి సెలవు. వాటి ముందు గట్టిగా మాట్లాడరాదు. అవి వచ్చే ముందు పది రోజులు మందు కొట్టకండి. ఆ చివరిది నిజంలా ఉండాలని రాశాను.

ఇది సరదాకి అని అడుగున ఒక లైన్ పెట్టి, డిజైన్ పాడవుతోందని తీసేశాను.

జనవరి 20

నాలుగు వందల మంది చూశారు. లింక్ ఎవరెవరికో ఫార్వర్డ్ అవుతోంది. గ్రూపంతా నవ్వులే. చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది.

జనవరి 23

బుకింగ్‌లన్నీ దొంగ పేర్లే. ఒక్కటి తేడాగా ఉంది. వెంకటరత్నమ్మ, మైలవరం దగ్గర ఊరు, నాలుగెకరాల బంగినపల్లి. రిమార్క్స్‌లో 'పూత బాగుంది. ఈగ లేదు. తొందరగా పంపగలరు' అని ఉంది. నేను పెట్టిన ఆటో రిప్లై, పది రోజుల్లో వస్తాయని వెళ్లిపోయింది.

ఎవడో మనల్నే ఆడుకుంటున్నాడన్నాడు సిద్ధార్థ. నేనూ అలాగే అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను.

జనవరి 26

అదే పేరు, మూడోసారి. 'మందు కొట్టలేదు. మీరు చెప్పినట్టే ఆగాం.'

జనవరి 28

వెంకటరత్నమ్మ నంబర్‌కి డయల్ చేశాను. ఒక్క రింగ్ కాగానే కట్ చేశాను.

జనవరి 30, ఉదయం 7

మిస్డ్ కాల్ చూసి ఆవిడే చేశారు.

"తేనెటీగల ఆఫీసేనాండీ?"

అవునండీ అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

పూత నల్లబడుతోందట. పూత రసం పీల్చే తేనెమంచు పురుగు పట్టింది. పక్క తోటల వాళ్లు ఇప్పటికే రెండుసార్లు మందు కొట్టారట. "మరిది తిడుతున్నాడండీ. మీరు కొట్టమంటే కొడతా, ఆగమంటే ఆగుతా."

కొట్టించండి, ఇవాళే కొట్టించండి అన్నాను.

"మరి మన ఈగలో?"

రేపు నేనే వస్తానని ఫోన్ పెట్టేశాను. సైట్ తీసేశాను. నమ్మమని మనం బతిమాలామా, వెళ్తే కొడతారు, నంబర్ మార్చెయ్ అన్నాడు సిద్ధార్థ.

జనవరి 31

కొండపల్లి మీదుగా బస్సు, మైలవరంలో దిగి ఆటో. ఎన్నిసార్లు దిగిపోదామనుకున్నానో.

వెంకటరత్నమ్మగారికి యాభై అయిదు దాకా ఉంటాయి. భర్త పోయాక పదకొండేళ్లుగా ఆ తోట ఆవిడే చూసుకుంటున్నారు. మజ్జిగ ఇచ్చారు. ఇస్తూ నా వెనక్కి చూశారు, పెట్టెలు ఏ బండిలో వస్తున్నాయా అని.

చెప్పేశాను. అంతా. సరదాగా చేశామన్నది కూడా.

ఆవిడ లేచి వెళ్లి మోటారు కట్టేసి వచ్చారు. తిడతారని ఎదురు చూశాను. తిట్టలేదు.

"నేను చదువు రానిదాన్ని కాదమ్మాయ్. టెన్త్ ఫస్ట్ క్లాసులో పాసయ్యా. మీ షరతులన్నీ రెండుసార్లు చదివా. ఆదివారం సెలవంటే కూడా, పెంచేవాళ్లకి తెలిసే ఉంటుందిలే అనుకున్నా. చదివా కాబట్టే నమ్మా."

తర్వాత రెండెకరాల పై తోట చూపించారు. పూత పట్టుకుంటే వేళ్లకి జిగురు, నల్లటి మసి. గట్టు అవతల పక్కవాళ్ల చెట్లు బంగారంలా ఉన్నాయి. కింద రెండెకరాల్లో చెట్లకి పూత ఆలస్యమట, ఇప్పుడిప్పుడే మొగ్గ విచ్చుతోంది.

"ఇప్పుడేం చేస్తావు?" అని అడిగారు. తిరుగు బస్సులో నిలబడే వచ్చాను, సీట్లు ఖాళీగా ఉన్నా.

ఫిబ్రవరి 3

మూడు రోజులుగా వ్యవసాయ ఆఫీసులకి ఫోన్లే. చివరికి ఒక వ్యవసాయ శాస్త్రవేత్త దొరికారు. మామిడి పూతలో పుప్పొడి మోయడానికి తేనెటీగల కన్నా మామూలు ఈగలే ఎక్కువ పనికొస్తాయట. కొన్ని దేశాల్లో చేపల వ్యర్థాలు చెట్లకి కడతారట, ఆ కంపుకి ఈగలు వస్తాయని. అయితే కొట్టిన మందు ప్రభావం పోయేదాకా ఆగాలి.

వెంకటరత్నమ్మగారికి ఫోన్లో చెప్పాను. ఇదీ సరదాకేనా అని అడిగారు. శాస్త్రవేత్తగారి నంబర్ ఇచ్చాను. ఆయనతో మాట్లాడి మళ్లీ చేశారు.

"సరే. చేపల తట్ట నేను మోస్తే ఊరంతా నవ్వుతుంది. నువ్వు మొయ్యి."

ఫిబ్రవరి 10

మా ఇంట్లో కోడిగుడ్డు కూడా వండరు. పొద్దున్నే చేపల మార్కెట్‌కి వెళ్లి తలలు, పేగులు మూత బకెట్ నిండా తెచ్చాను. అమ్మ గుమ్మంలోనే ఆపేసింది. విషయం ఇవాళే చెప్పాను. విని, మూత ఊడకుండా తన పాత చీర చింపి గట్టిగా కట్టింది.

బస్సులో నా చుట్టూ మూడు వరసలు ఖాళీ. కండక్టర్ ముక్కు మూసుకునే టికెట్ కొట్టాడు.

కింద తోటలో వెంకటరత్నమ్మగారూ నేనూ కలిసి వాటిని చిల్లుల సంచుల్లో వేసి కొమ్మలకి కట్టాం. రెండుసార్లు వాంతి చేసుకున్నాను. ఆవిడ నీళ్లిచ్చి, మళ్లీ సంచి అందించారు. మధ్యాహ్నానికి ఈగలు మొదలయ్యాయి.

నేను బకెట్‌తో బస్సు ఎక్కుతున్న ఫోటో ఎవరు తీశారో, గ్రూపులో మీమ్ అయింది. గ్రూపు నుంచి బయటికొచ్చేశాను. సైట్ పాత అడ్రస్‌లో ఒకటే పేజీ పెట్టాను: ఇది అబద్ధం, రాసింది నేను. కింద నా పేరు, నంబర్.

ఫిబ్రవరి 17

రెండో బకెట్. కొత్త ప్రాజెక్ట్ ఇచ్చారు, సెలవు పెట్టాను.

మార్చి 9

కింద రెండెకరాల్లో పిందె నిలిచింది. పైన లేదు. వచ్చి చూడమని ఆవిడే ఫోన్ చేశారు. వెళ్లాను.

ముందు పై తోటకే తీసుకెళ్లారు.