అత్తయ్యగారి ఫ్లెక్సీ

అత్తయ్యగారూ, నమస్కారం.

మీరు పోయి ఏడాది మీద పదకొండు రోజులైంది. అక్కడెలా ఉన్నారని అడగను... ఎక్కడున్నా మీ మాటే నెగ్గుతుంది కదా.

మొన్న మీ సంవత్సరీకానికి మీ అబ్బాయి భోజనాల పందిట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. మీ ఫొటో కింద 'ఆ రోజుల్లోనే కోడలిని ఉద్యోగానికి పంపిన ఆదర్శ మహిళ' అని రాయించారు. అది చదివి చేతిలో ఉన్న పులిహోర బేసిన్ అక్కడే దించేశాను.

మీరా... పంపింది?

నేను కాపురానికి వచ్చిన ఏడాదే టీచరు ఉద్యోగానికి ఎంపికయ్యాను. రమ్మన్న కాగితం పోస్టులో వస్తే మీరు అందుకున్నారు. గడువు దాటాక తాపీగా చెప్పారు. "నేనే పొయ్యిలో పెట్టాను. మన ఇంటి కోడళ్ళు జీతానికి వెళ్ళరు. వెళ్తే మగాడికి చేతకాదనుకుంటారు."

అప్పుడు మనవి వరిచేలు. ఇంటి నిండా ధాన్యం. గడప దాటని కోడలే మీకు గౌరవం.

తర్వాత చేలన్నీ రొయ్యల చెరువులయ్యాయి. మూడో ఏడు తెగులు వచ్చి వారంలో రొయ్యలన్నీ చచ్చి తేలాయి. ఆ నెలలోనే కదూ, మీరు మాట మార్చింది? "చదువుకున్నదానివి, ఊరికే కూర్చుంటావేంటి? ఇల్లు నిలబెట్టేదే ఆడదంటే."

అప్పటికి టీచరు ఉద్యోగానికి నా వయసు దాటిపోయింది. రొయ్యల ప్లాంటుకి వెళ్ళాను. రోజంతా ఐసులో చేతులు పెట్టి తలలు తీశాను. వేళ్ళ చర్మం ఊడి వచ్చేది. మీరేమో ఊళ్ళో "మా కోడలిది ఆఫీసు పని" అని చెప్పుకున్నారు. ఇంటికొస్తే "నీచు వాసన, వంటింట్లోకి రాకు" అనేవారు. జీతం అందుకునే రోజున మాత్రం ఆ వాసన మీకు ఎందుకు రాలేదండీ?

నేను సూపర్‌వైజర్‌నయ్యేసరికి చెరువులు మళ్ళీ కలిసొచ్చాయి. "ఇంక మానెయ్యి. మనకేం ఖర్మ?" అన్నారు. మానలేదు. ఆ కోపంతో పోయేదాకా నాతో ముక్తసరిగానే మాట్లాడారు.

అందుకే మొన్న విస్తళ్ళ ముందున్న చుట్టాలందరికీ ఆ కాగితం సంగతి చెప్పేశాను. నేనే స్టూలెక్కి ఫ్లెక్సీ తాళ్ళు విప్పేశాను. తద్దినం నాడు ఇలాగా, అన్నారు చుట్టాలు. మరి ఏ నాడు చెప్పాలి...?

క్షమాపణ అడగమని మీ అబ్బాయి పట్టుపట్టారు. అడగలేదు. పది రోజులుగా మా మధ్య మాటల్లేవు.

మీ మనవరాలు మాత్రం ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదమ్మా అంది. ఏం చెప్పను? మీకు భయపడ్డానని చెప్పడానికి సిగ్గేసింది.

దానికొచ్చిన సంబంధం వాళ్ళకి ఉద్యోగం చేసే పిల్లే కావాలట. పిల్లలు పుట్టాక మానేయాలట. అచ్చం మీరే, ఇంగ్లీషులో! నిన్న అదే ఫోన్ చేసి, ఎప్పుడు చేయాలో ఎప్పుడు మానాలో నేను చూసుకుంటానండీ అని చెప్పి, ఆ సంబంధం వద్దనేసింది. నేను పక్కనే నిలబడ్డాను.

పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదంటారు. నాకింకా ఉంది. కానీ ఒక్క మాట ఇస్తున్నాను... మీ గురించి ఎవరడిగినా, మంచైనా చెడైనా, జరిగింది జరిగినట్టే చెప్తాను.

మీ కోడలు,
సత్యవతి