పెట్రోలు బంకువాడు కాదు

చిరంజీవి బుజ్జికి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, నా మోకాలూ, వంటింటి కుళాయీ అందరం కులాసా. నువ్వూ, ఆ ఓడలో నువ్వు కాపలా కాసే ఇంజన్లూ ఏ సముద్రం మీద ఉన్నా చల్లగా ఉండాలి.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. రాత్రిపూట వండుకునే తింటున్నాను, బిస్కెట్లతో సరిపెట్టడం లేదు. కుళాయికి వాషరు మార్పించాను. ఆసుపత్రిలో ఎక్స్‌రేకి కొత్త యంత్రం వచ్చింది, పాతదానిలా మూలగదు. నేను మాత్రం పొద్దస్తమానం "ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి" అంటూనే ఉన్నాను. మొన్న "వదలండి" అనేలోపు ఫోను మోగి అటు తిరిగాను. పాపం, ఆ పేషెంటమ్మ మొహం కందిపోయేదాకా అలాగే నిలబడింది!

"ఈమధ్య నీ ఉత్తరాలు మహా హుషారుగా ఉంటున్నాయి, ఏం చదువుతున్నావేమిటి?" అని కూడా అడిగావు. దానికి జవాబు కాస్త పెద్దది.

ఆసుపత్రి వెనక వీధిలో లైబ్రరీ ఉంది కదా, అక్కడ ఒక డిటెక్టివ్ నవల దొరికింది. ఆస్ట్రేలియాలో ఓ చిన్న ఊరు. వానల్లేక ఏరు ఎండిపోయి పడవలు ఇసుకలో చతికిలబడి ఉంటాయి. ఒకే వీధి, ఒక పెట్రోలు బంకు, ఒక పోస్టాఫీసు. అందరికీ అందరి గుట్టూ తెలుసు, ఒక్కరూ నోరు విప్పరు. ఆ ఊరి పశువుల డాక్టరు ఖాళీ నీళ్ళ ట్యాంకులో శవమై కనిపిస్తాడు. దర్యాప్తుకు వచ్చే డిటెక్టివ్ ఒకావిడ. సిరీస్ మొత్తానికీ ఆవిడే. ఎవరినీ గద్దించదు. ఎదురుగా కూర్చుని, అవతలివాళ్ళకే ఉక్కపోసి నిజం కక్కేదాకా ఊరుకుంటుంది. ఆ ఎండ చదువుతుంటే నాకు గొంతు తడారిపోయి, లేచి లేచి మంచినీళ్ళు తాగేదాన్ని.

మంచి పట్టులో ఉండగా ఒక పేజీ అంచున పెన్సిలుతో రాసి ఉంది: "పెట్రోలు బంకువాడే. అనుమానం లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవడో పుణ్యాత్ముడు హంతకుణ్ణి చేతికి ఇచ్చేశాడు! మిగతా పుస్తకమంతా మూతి ముడుచుకునే చదివాను. తీరా చూస్తే చంపింది పోస్టుమాస్టరమ్మ. నాకు పట్టలేని సంతోషం. మర్నాడు డ్యూటీ దిగుతూనే లైబ్రరీకి వెళ్ళి, ఈ రాత ఎవరిదని లైబ్రేరియన్ అమ్మాయిని నిలదీశాను. ఆ పిల్ల నవ్వాపుకుంటూ పేపర్ల బల్లవైపు గడ్డంతో చూపించింది. ఇంచుమించు నా వయసాయన. కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని, కాళ్ళ దగ్గర పనిముట్ల సంచీ పెట్టుకుని కూర్చున్నారు. లిఫ్టు మెకానిక్కు.

పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను. "ఇది మీ నిర్వాకమేనా?"

"నాదేనండి."

"బంకువాడు కాదు."

"తెలుసండి. చివరిదాకా చదివాను."

"మరి చెరిపేయొచ్చుగా?"

"చెరిపేస్తే, అసలు పొరబడనేలేదన్నట్టు అయిపోతుంది కదండీ. ఎవరైనా వచ్చి తిడతారులే అని ఉంచాను."

"వచ్చాను."

"తిట్టండి మరి."

తిట్టాను బుజ్జీ, కడుపారా తిట్టాను. ఆయన బుద్ధిగా విని, లైబ్రేరియన్ దగ్గర రబ్బరు అడిగి తెచ్చి, నా ఎదుటే చెరిపి, కాగితం మీద పొట్టు ఉఫ్ అని ఊదారు. నాకు నవ్వొచ్చేసింది.

ఆ తర్వాత సిరీస్‌లో మిగతావన్నీ వంతులేసుకుని చదివాం. ముందు నేను, తర్వాత ఆయన. పెన్సిలు నా హ్యాండ్‌బ్యాగులో జప్తు. బస్‌స్టాపు దాకా వాదించుకుంటూ నడిచేవాళ్ళం. ఆయన ఎప్పుడూ మొదటి మనిషినే అనుమానిస్తారు. నేను అందరికంటే మంచివాళ్ళనే అనుమానిస్తాను. వాదన తెగక ఎన్ని బస్సులు వదిలేశామో!

మీ నాన్న పోయాక, ఇంటికొచ్చి తలుపేసుకుంటే నేను గొంతు విప్పేది రేడియో వార్తల మీద కోపం వచ్చినప్పుడే. నీకు రాస్తే అక్కడ బెంగపెట్టుకుంటావని ఎప్పుడూ రాయలేదు. ఈ లిఫ్టాయన గురించి కూడా అందుకే ఇన్నాళ్ళూ దాచాను. నాకే తెలియని సంగతి నీకేమని రాయను?

పోయిన వారం సిరీస్‌లో చివరి పుస్తకం తిరిగిచ్చేశాం. లైబ్రరీ మెట్లు దిగుతుంటే ఆయన అడుగు పడటం లేదు.

"అయిపోయాయండి," అన్నారు.

"అయిపోయాయి."

"ఇక రేపటి నుంచి..." అని ఆగిపోయారు.

నేను కూడా ఆ డిటెక్టివమ్మలాగే ఊరుకున్నాను. ఆయనకు చెమటలు పట్టాయి. సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. చివరికి నాకే జాలేసింది.

"పేజీల మీద అంత ధీమాగా రాస్తారే, నోటితో చెప్పలేరా?"

"చెబితే, తప్పని తేలుతుందేమోనని..."

"తేలదు. చెప్పండి."

చెప్పారు. నేను సరేనన్నాను తల్లీ.

ఇంటికొచ్చి మీ నాన్న ఫోటో ముందు చాలాసేపు కూర్చున్నాను. ఏడుపొస్తుందేమో అనుకున్నాను. ఆకలేసింది. వండుకుని, కడుపునిండా తిని పడుకున్నాను.

నీ అనుమతి కోసం ఇది రాయడం లేదు. నీ మొహం చూడకుండా ఆ పెళ్ళి రిజిస్టరులో సంతకం మాత్రం పెట్టలేను. ఆ మాటే ఆయనతో అన్నాను. "ఓడ ఎప్పుడొస్తే అప్పుడే. పాతికేళ్ళుగా లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళకు ఓపిక పట్టమని చెబుతున్నాను, నేను పట్టలేనా?" అన్నారు.

నీకు కోపమొస్తే కోపంగానే రాయి, బాధేస్తే అదీ రాయి. ఏమీ రాయకుండా మాత్రం ఉండకు. సెలవు దొరకగానే వచ్చెయ్యి. స్టేషనుకు ఇద్దరం వస్తాం. సంచీలు ఆయన మోస్తారు, నిన్ను నేను పట్టుకుంటాను.

ఇట్లు,
నీ అమ్మ