నీ వ్యాసం మీద పేరు

శైలజా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మగ్గం గుంటల పక్కన కూర్చుని, నేతగాళ్ళ మోకాళ్ళ నొప్పుల మీద నువ్వు రాసిన వ్యాసం జర్నల్లో అచ్చయింది. అచ్చుకు ముందు, రచయితలంతా సంతకం చేయాలని వాళ్ళు ఫారం పంపారు. రచయిత చనిపోతే, గైడుగా నేను ఒక ఉత్తరం రాస్తే చాలు, నీ పేరు ఉంచుతామన్నారు. నేను రాయలేదు. నా ప్రమోషన్‌కు నా పేరొక్కటే ఉంటే మేలు. నీకిక ప్రమోషన్లతో పనేముంది?

ఇవాళ మీ నాయన ధర్మవరం నుంచి పెనుకొండలో బస్సు మారి, హిందూపురంలో మన కాలేజీకి వచ్చాడు.

"నేను నేసిన చీరల మీద నా పేరు యాడా ఉండదు సార్. నా బిడ్డ పేరన్నా అచ్చులో చూపియ్యండి సార్" అన్నాడు.

ఆయనకు ఇంగ్లీషు రాదని నువ్వే చెప్పావు. పేజీ తెరిచి నా పేరు మీద వేలు పెట్టాను. ఆయన ఆ అక్షరాలను తడిమి, పుస్తకాన్ని కళ్ళకద్దుకున్నాడు.

"ఈడ ఒక పేరే ఉండాది. ఇంత చేసినారు, మీ పేరు ఎయ్యలేదా సార్?"

"నేనే వద్దన్నాను పెద్దాయనా."

ఆయన ఆ మోకాళ్ళతోనే వంగలేక వంగి, నా కాళ్ళకు మొక్కాడు.